రెండో తరగతిలో కండక్టరమ్మ

శిక్షణ కాలేజీ నుంచి ఏటా కొందరు మా బడికి వస్తారు. నలభై రోజులు పిల్లలకు పాఠాలు చెప్పి, మా చేత సంతకాలు పెట్టించుకుని వెళ్ళిపోతారు. ఇరవై నాలుగేళ్ళుగా రెండో తరగతి నాదే కాబట్టి ప్రతిసారీ ఒకరు నా వంతుకు వస్తారు. అందరూ ఇరవై దాటీ దాటని వయసువాళ్ళే. వాళ్ళలో చాలామంది మొహాలు ఇప్పుడు గుర్తు చేసుకుందామన్నా గుర్తు రావు. ఈమె సంగతి వేరు.

వచ్చేటప్పటికి ఆమెకు ముప్పై నాలుగేళ్ళు. భుజానికి పాత తోలుసంచీ, చేతిలో చుట్టచుట్టిన చార్టులు, కాళ్ళకు ఎంత దూరమైనా నడవడానికి పనికొచ్చే చెప్పులు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. తలుపుకు ఆనుకుని నిలబడింది.

"ఇదివరకు ఏం చేసేదానివమ్మా?" అని అడిగాను.

"సిటీ బస్సులో కండక్టర్ని మేడమ్. పదకొండేళ్ళు చేశాను. టికెట్ మిషన్లు డ్రైవర్లకే ఇచ్చారు, ఇక మీతో పని లేదన్నారు. ఆరో క్లాసు చదివే కూతురుంది. ఇంట్లో ఊరికే కూర్చుంటే అది నన్ను హోంవర్కు చెయ్యమంటోంది. సరే, ఏదో ఒక బళ్ళో నేనే చదువు చెబుదామని ట్రైనింగులో చేరాను."

ఆ మాటలు జాలి కోసం అనలేదు, గొప్ప కోసమూ అనలేదు. మధ్యాహ్నం గంట కొట్టేసరికి స్టాఫ్ రూంలో ఆమెకు కండక్టరమ్మ అని పేరు పడిపోయింది. మొహం మీదే అలా పిలిచారు. ఆమె నవ్వి ఊరుకుంది.

మొదటి పాఠం కూడిక. ఆమె రాసుకొచ్చిన పాఠ్యపథకం ఏడు పేజీలుంది. ప్రేరణకు అయిదు నిమిషాలు, వివరణకు పది, అభ్యాసానికి పదిహేను అని గీతలు గీసి మరీ పంచింది. "రాత్రి మా అమ్మాయికి చూపించాను మేడమ్. అంతా చదివి, ఇందులో పిల్లలెక్కడున్నారమ్మా అని అడిగింది," అని చెప్పి తనే నవ్వుకుంది. నేను ఎప్పటిలాగే వెనక గోడ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

ప్రేరణ రెండో నిమిషంలోనే ఒకడు బాత్రూంకెళ్ళాలని చిటికెన వేలు చూపించాడు. ఆమె పంపింది. వెంటనే పదకొండు చిటికెన వేళ్ళు లేచాయి. వాటి సంగతేమిటో తేలకముందే మూడో బెంచీలో కదులుతున్న పన్నును వారం రోజులుగా నాలుకతో తోస్తున్నవాడు ఒక్కసారిగా దాన్ని పీకి అరచేతిలో పెట్టుకున్నాడు. పెదవి మీద ఎర్రగా కనిపించింది. అంతే, నలభై రెండు మంది లేచి వాడి మీద పడ్డారు. చూడనివ్వమని కొందరు, చూడలేమని కొందరు, ఒకటే గోల. బల్ల మీది చార్టు కింద పడి దాని మీద అడుగులు పడ్డాయి.

ఆమె కదల్లేదు. నేను లేవబోయాను. అప్పుడామె గొంతులోంచి నేను ఊహించని గొంతొకటి వచ్చింది.

"లోపలికి జరగాలి, లోపలికి. దారి మధ్యలో ఎవరూ నిలబడకూడదు. దిగేవాళ్ళని దిగనివ్వండి."

గది టక్కున ఆగింది. రెండు గదుల అవతల హెడ్మాస్టరుగారు ఫైలు మూసి వరండాలోకి వచ్చారట. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. ఆ తర్వాత ముందు బెంచీలో పిల్ల కిసుక్కుమంది, అందరూ నవ్వారు, నవ్వుతూనే ఎవరి చోటుకు వాళ్ళు వెళ్ళారు. ఆమె పన్ను వాడిని కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి నోరు పుక్కిలింపజేసి, పన్నును కాగితంలో పొట్లం కట్టి వాడి జేబులో పెట్టింది. కూడిక ఆ రోజు జరగలేదు.

"మొదటిరోజు ఎవరికైనా అంతే," అన్నాను సాయంత్రం.

"కాదు మేడమ్, తప్పు నాదే. ఆ పన్ను కదులుతోందని పొద్దున్నే వాడు నాకు చూపించాడు. నేను పాఠం తొందరలో పట్టించుకోలేదు," అంది.

మర్నాడు మళ్ళీ గోల లేచినప్పుడు అదే కేక వేసింది. పిల్లలు మళ్ళీ నవ్వారు, కానీ కూర్చోలేదు. మూడో రోజు వాళ్ళే ఆమెకంటే ముందు "లోపలికి జరగాలి" అని అరిచారు. ఆమె ఇక ఆ ఆయుధాన్ని అటకెక్కించింది. గోల లేచినప్పుడల్లా బెంచీల మధ్య నడవడం మొదలుపెట్టింది. కదిలే బస్సులో పదకొండేళ్ళు నడిచిన మనిషి కదా, ఎవరి కాలూ తొక్కకుండా, ఏ సంచీకీ తగలకుండా గదంతా తిరిగేది. నడుస్తూనే ఒకడి చెవిలోంచి పెన్సిలు తీసి చేతిలో పెట్టేది, ఒకదాని నోట్సు తిప్పి సరైన పేజీ తీసేది. నేను కుర్చీలో కూర్చునే పాఠం చెప్పడం అలవాటు చేసుకుని చాలా ఏళ్ళయింది. ఆమెను చూస్తుంటే ఆ కుర్చీ నాకే కొంచెం ఇబ్బందిగా అనిపించింది.

ఇక మా రేడియో గురించి చెప్పాలి. గుమ్మం పక్క బెంచీలో కూర్చునే ఏడేళ్ళ పిల్లకు ఆ పేరు నేనే పెట్టాను. ఏ పాఠం చదవమన్నా లేచి నిలబడి, పుస్తకం ఎదురుగా పట్టుకుని, తడబాటు లేకుండా గడగడా చదివేది. బడికి ఎవరైనా పెద్దవాళ్ళు వస్తే నేను ముందుగా ఆ పిల్లనే లేపేదాన్ని.

రెండో వారంలో ఒక రోజు రేడియో పుస్తకం తేవడం మర్చిపోయింది. కండక్టరమ్మ బీరువాలో ఉన్న పాత పుస్తకం ఒకటి తీసిచ్చి, వానలో తడిసిన కప్ప పాఠం చదవమంది. పిల్ల ఎప్పట్లాగే మొదలుపెట్టింది. పేజీ తిప్పింది, చదివింది, మళ్ళీ తిప్పింది, చదివింది. ఆ చదువు విని ముచ్చటపడి కండక్టరమ్మ దగ్గరికి వెళ్ళి పుస్తకంలోకి తొంగిచూసింది. ఆ పాత పుస్తకంలో ఒక కాగితం చిరిగిపోయింది. పిల్ల కళ్ళెదుట ఉన్నది రైలుబొమ్మ, తర్వాతి పాఠంది. నోట్లోంచి వస్తున్నది కప్ప కథ.

కండక్టరమ్మకు నవ్వొచ్చింది. "అసలా కాగితమే లేదు కదే, ఎక్కడ చూసి చదువుతున్నావు?" అంది.

క్లాసంతా గొల్లుమంది. రేడియో పుస్తకం మూసి కూర్చుంది. ఆ రోజంతా తల ఎత్తలేదు.

బడి వదిలాక ఆమె నా దగ్గరికి వచ్చింది. "మేడమ్, ఆ పిల్లకి చదవడం రాదు."

"ఎవరికి, రేడియోకా? నీకేమైనా మతిపోయిందా? క్లాసు మొత్తానికి అదే బాగా చదువుతుంది."

"విన్నది అప్పజెప్తోంది మేడమ్. ఇంట్లో ఎవరో పైకి చదువుతుంటే విని పట్టేస్తోంది." తోలుసంచీ భుజానికి సర్దుకుంది. "బస్సులో రోజుకి పదిమందైనా అడిగేవారు, కళ్ళజోడు మర్చిపోయానమ్మా, ఈ బస్సు ఎటు పోతుంది అని. మొదట్లో నిజమేననుకునేదాన్ని. తర్వాత తెలిసింది, వాళ్ళలో సగంమందికి కళ్ళజోడే లేదని. బోర్డు వంక చూస్తున్నట్టే ఉంటారు, చెవి మాత్రం పక్కవాళ్ళ మాటల మీద ఉంటుంది. ఇవాళ ఆ పిల్ల పుస్తకం పట్టుకుంటే అచ్చం అదే చూపు. పదకొండేళ్ళలో వాళ్ళలో ఒక్కర్ని చూసి కూడా నవ్వలేదు మేడమ్ నేను. ఇక్కడికొచ్చి ఏడేళ్ళ పిల్లని చూసి నవ్వాను."

ఆమె వెళ్ళాక రేడియో నోట్సులు బయటికి తీశాను. ముత్యాల్లాంటి అక్షరాలు. బోర్డు మీదున్నవన్నీ ఉన్నవి ఉన్నట్టు దించింది. డిక్టేషను పేజీల్ని పక్కపిల్ల నోట్సుతో పోల్చి చూస్తే మాత్రం ఆ పిల్ల తప్పులే ఈ పిల్లకూ ఉన్నాయి, ఒక్కటీ పొల్లుపోకుండా. ప్రతి పేజీ కింద ఎర్ర సిరాతో 'చాలా బాగుంది' అని నా చేతిరాత.

మర్నాడు రేడియో బడికి రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు. సాయంత్రం ఇద్దరం కలిసి వాళ్ళింటికి వెళ్ళాం.

వాళ్ళది ఇస్త్రీ దుకాణం, వెనకాల ఒకటే గది. దుకాణంలో ఈ గోడ నుంచి ఆ గోడకు ఇనుప గొట్టం, దానికి వరసగా వేలాడే చొక్కాలు. పిల్ల తల్లి పొడవాటి బల్ల దగ్గర నిలబడి ఇస్త్రీ చేస్తోంది. పెట్టె ఆనించినప్పుడల్లా బుస్సుమని ఆవిరి లేస్తోంది. గుమ్మంలో కూర్చున్న పెద్దపిల్ల, అయిదో తరగతి చదివేది, చెల్లెలి రెండో తరగతి పుస్తకం గట్టిగా చదువుతోంది. కండక్టరమ్మ నావైపు ఒకసారి చూసింది. నాకు అర్థమైంది.

"కడుపునొప్పంటోంది మేడమ్," అంది తల్లి, పెట్టె పక్కన పెట్టి చేతులు తుడుచుకుంటూ. "తిండి మాత్రం మామూలుగానే తింటోంది. మీరొస్తుంటే చూసి అదిగో, ఆ బట్టల వెనక్కి దూరింది."

చొక్కాల కింద రెండు చిన్న పాదాలు కనిపిస్తున్నాయి. కండక్టరమ్మ వెళ్ళి వాటి ఎదురుగా నేల మీద కూర్చుంది. చొక్కాలు పక్కకి జరపలేదు. ఆ చొక్కాలతోనే మాట్లాడింది.

"మొన్న నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. అది చెప్దామని వచ్చాను."

ఇస్త్రీపెట్టె మళ్ళీ బుస్సుమంది. అప్పుడు చాలా చిన్న గొంతు వినిపించింది. "నాకు రాదని అమ్మకి చెప్తారా?"

"చెప్పమంటే చెప్తాను. లేదా, వచ్చాక నువ్వే చెబుదువుగాని."

"మళ్ళీ నన్ను లేపి చదవమంటారా?"

"అనను. నీ అంతట నువ్వు చెయ్యెత్తేదాకా ఎవరూ నిన్ను లేపరు. ఇది నా మాట."

పాదాలు కాసేపు అటూ ఇటూ కదిలాయి. "సరే," అంది గొంతు. చొక్కాల వెనకనుంచి మాత్రం రాలేదు. మేం వచ్చేశాం.

మర్నాడు పిల్ల వచ్చింది. హాజరు పిలవడం అయ్యాక కండక్టరమ్మ బల్ల ముందుకు వచ్చి అందరితో అంది. "మొన్న పుస్తకంలో కాగితం లేకపోతే నేను నవ్వాను. నన్ను చూసి మీరూ నవ్వారు. ఎవరైనా చదువుతున్నప్పుడు నవ్వడం తప్పు. ఆ తప్పు ముందు చేసింది నేను."

పిల్లల ముందు ఇలా తల వంచితే రేపటినుంచి నెత్తినెక్కి కూర్చుంటారని నా భయం. ముందు బెంచీలో పిల్ల లేచి, "టీచర్లు కూడా తప్పులు చేస్తారా టీచర్?" అంది.

"చేస్తారు."

నా భయం ఒకలాగ, జరిగింది ఒకలాగ. మధ్యాహ్నం నుంచి ఆమె ముందు వరస కట్టారు. నిన్న వాడి రబ్బరు తీసింది నేనే టీచర్ అని ఒకడు, ముక్కు తుడుచుకుని కర్టెనుకు రాశానని ఒకతి. పన్ను ఊడినవాడు మాత్రం తను చెయ్యని తప్పు కూడా ఒకటి ఒప్పుకున్నాడు, వరసలో నిలబడాలన్న సరదా కొద్దీ. రెండు రోజులు ఆమె అందరి మాటా ఓపిగ్గా విని, "సరే, మళ్ళీ చెయ్యకు" అని పంపింది.

ఆ రోజునుంచే మధ్యాహ్నం తినడాలయ్యాక ఆమె, రేడియో కలిసి బడి వెనక మెట్ల మీద కూర్చునేవాళ్ళు. పాఠ్యపుస్తకం పనికిరాదు, అందులో చాలా పాఠాలు పిల్లకు కంఠతా వచ్చు. అందుకని ఆమె రోజూ మూడు చిన్న కాగితాల మీద మూడు వాక్యాలు రాసి తెచ్చేది. ఎవరూ ఎప్పుడూ అనని, ఊహించడానికి వీల్లేని వాక్యాలు. 'పిల్లి ఇస్త్రీపెట్టె మీద నిద్రపోయింది.' 'నాన్న చొక్కా ఆవులించింది.' 'గుండీ లేచి బడికి పోయింది.'

"ఎందుకమ్మా ఈ పిచ్చి రాతలు?" అన్నాను ఒక రోజు.

"మామూలు వాక్యమైతే సగం చూసి సగం ఊహించేస్తోంది మేడమ్. దీనికైతే ప్రతి అక్షరం పట్టుకోవాలి. ఇంకోటేంటంటే, చదివిందో లేదో నేను అడగక్కర్లేదు. నవ్విందంటే చదివినట్టే."

మొదటి వారంలో నవ్వు వినపడలేదు. ఒత్తుల దగ్గర పిల్ల ఆగిపోయేది, వేలు కాగితం మీదే ఉండేది, ఆమె తొందరపెట్టేది కాదు. స్టాఫ్ రూం కిటికీలోంచి నాకు ఇద్దరి వీపులూ కనిపించేవి. పదో రోజున కాబోలు, టీ తాగుతుండగా మెట్ల మీదనుంచి ఒక్కసారిగా నవ్వు వినిపించింది. నేను గ్లాసు కింద పెట్టి కిటికీ దగ్గరికి వెళ్ళాను. పిల్ల పొట్ట పట్టుకుని నవ్వుతోంది. తర్వాత అడిగితే ఆ కాగితం చూపించారు. 'హెడ్మాస్టరుగారు బెంచీ కింద దాక్కున్నారు.' ఆయన కంటపడకుండా దాన్ని నేనే దాచాను.

ముప్పయ్యో రోజు కాలేజీ నుంచి లెక్చరరుగారు వచ్చారు. ఆయన చూసే ఆ ఒక్క పాఠానికే మార్కుల్లో సగం. కండక్టరమ్మ బాగానే చెప్పింది. బెంచీల మధ్య నడిచింది, పిల్లల్ని నవ్వించింది, గడియారం చూడకుండానే సమయానికి ముగింపుకొచ్చింది. ఆయన తల ఊపుతూ రాసుకుంటున్నారు. చివర్లో గుమ్మం పక్క బెంచీ వైపు పెన్ను చూపించి, "ఆ అమ్మాయి చేత చదివించండి," అన్నారు.

రేడియో బిగుసుకుపోయింది. కండక్టరమ్మ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"ఆ అమ్మాయిని నేను లేపనండి. ఇంకెవరినైనా అడగండి."

"అదేమిటి? ఎందుకు?"

"తనకి మాటిచ్చాను సార్."

ఆయన పెన్ను ఆగిపోయింది. "పిల్లలకిచ్చిన మాటలతో క్లాసు నడుస్తుందా? పర్యవేక్షకుడు అడిగితే చదివించాలి."

"వేరే ఎవరిచేతైనా చదివిస్తాను సార్. అందరూ సిద్ధంగానే ఉన్నారు."

పన్ను ఊడినవాడు అప్పటికే లేచి నిలబడి పుస్తకం తెరిచాడు. ఆ సందులోంచి గాలి ఈలలాగా వస్తుండగా రెండు పేరాలు చదివేశాడు. ఆయన రాసుకున్న కాగితం మడిచి వెళ్ళిపోయారు.

"చెయ్యెత్తమని ఆ పిల్లకి సైగ చేస్తే పోయేది కదా," అన్నాను తర్వాత, మార్కుల దిగులు నాదేనన్నట్టు.

"అదీ లేపడమే కదా మేడమ్," అంది.

ముప్పై ఎనిమిదో రోజు ఏ విశేషమూ లేని రోజు. బయట మబ్బు పట్టింది, గదిలో సగంమంది ఆవులిస్తున్నారు. ఆమె కొత్త పాఠం తీయించి, ఎవరు చదువుతారు అని అడిగింది. ఎప్పుడూ లేచే చేతులు నాలుగు లేచాయి. గుమ్మం పక్కన ఇంకో చెయ్యి భుజం దాకా లేచి, అక్కడే ఆగిపోయింది.

"నువ్వు," అంది ఆమె, మామూలుగా.

రేడియో లేచింది. పుస్తకం బెంచీ మీద పెట్టుకుని, చూపుడు వేలు అక్షరం కింద ఆనించి మొదలుపెట్టింది. ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతం. ఒక ఒత్తు దగ్గర ఆగింది, వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చింది. మూడు మాటలకు ఒక నిమిషం పట్టింది. ఒకప్పుడు ఈ పిల్ల ఇంతసేపట్లో పాఠమంతా అప్పజెప్పేసేది.

"టీచర్, రేడియో చెడిపోయింది," అన్నాడు వెనకనుంచి ఒకడు.

"చెడిపోలేదు. విను," అంది కండక్టరమ్మ.

ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల నాలుగు వాక్యాలు చదివింది. ఇన్నేళ్ళలో నా క్లాసులో ఎన్నో గొంతులు విన్నాను. అంత నెమ్మదైన చదువును అంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదు. చివరి మాట అయ్యాక పిల్ల కూర్చుని, చెమట పట్టిన వేలును గౌనుకు తుడుచుకుంది. కండక్టరమ్మ, "తర్వాత పేరా ఎవరు?" అంటూ ముందుకు నడిచింది. నా ముందు నుంచి వెళ్ళేటప్పుడు మాత్రం ఆమె కళ్ళు తడిగా కనిపించాయి.

ఆ సాయంత్రం పిల్ల ఇంటికి వెళ్ళి, ఇస్త్రీకి వచ్చిన ఒక సంచీ మీదున్న రాత చదివి వినిపించిందట. తర్వాత వాళ్ళమ్మ బడికొచ్చి నాతో, "ఇదివరకు గడగడా చదివేది మేడమ్, ఇప్పుడు కూడబలుక్కుంటోందేంటి?" అంది. పక్కనే ఉన్న రేడియో, "అప్పుడు చదవలేదమ్మా, ఇప్పుడు చదువుతున్నా," అని తనే అంతా చెప్పేసింది.

లెక్చరరుగారి మార్కులు తక్కువే వచ్చాయి. 'పర్యవేక్షకుని సూచన పాటించలేదు' అని రాశారు. తరగతి టీచరుగా నా వంతు కాగితం ఒకటుంది. మామూలుగా అందులో రెండు వాక్యాలు రాసి సంతకం పెడతాను. ఆ సారి వెనకవైపు కూడా రాశాను. అందులో నా ఎర్ర సిరా సంగతి కూడా దాచకుండా చెప్పాను. అది ఎవరైనా చదివారో లేదో తెలియదు. ఆమె మాత్రం మధ్యరకం మార్కులతో గట్టెక్కింది. మరుసటి ఏడు ఊరి అవతలి చివర ఒక బడిలో ఉద్యోగం వచ్చింది.

అప్పటినుంచి నేను ప్రతి పిల్లనూ పిల్లవాడినీ ఏడాది మొదట్లో విడిగా పిలిచి, వాళ్ళెప్పుడూ చూడని ఒక కాగితం చేతికిస్తున్నాను. మొదటి ఏడాదే ఇంకో ఇద్దరు దొరికారు. అంతకుముందు ఇరవై రెండేళ్ళలో ఎంతమంది నా చేతుల్లోంచి జారిపోయారోనన్న ఆలోచన వస్తూనే ఉంటుంది. రేడియో ఇప్పుడు నాలుగో తరగతి. చదువులో మరీ ముందు లేదు, వెనకా లేదు. ఆ పేరుతో పిలవడం నేను మానేశాను గానీ, పిల్లలు మానలేదు, దానికీ పట్టింపు లేదు.

పోయిన నెల ఒక శిక్షణ తరగతికి వెళ్తూ దారిలో కండక్టరమ్మ బడి దగ్గర దిగాను. ఒకటో తరగతి ఇచ్చారు ఆమెకు. కిటికీలోంచి చూస్తే బెంచీల మధ్య నడుస్తోంది, చంకలో హాజరు పట్టీ, చేతిలో ఎవరిదో ఒంటికాలి బూటు. నన్ను చూసి నవ్వింది గానీ బయటికి రాలేదు. గంట కొట్టాకే వచ్చింది.

"ఎలా ఉంది నీ క్లాసు?" అన్నాను.

"బాగానే ఉంది మేడమ్. ఒకడున్నాడు, సుద్దముక్కలు తింటున్నాడు. కోప్పడి చూశాను, బుజ్జగించి చూశాను, డబ్బా పైన పెట్టి చూశాను. ఎక్కణ్ణుంచి తెస్తాడో, జేబులో ఎప్పుడూ ఒకటుంటుంది. మీ క్లాసులో అలాంటివాళ్ళు ఎప్పుడైనా వచ్చారా? మీరేం చేశారు?"

నాకు తోచింది చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, నమ్మనట్టు తల ఊపి, మళ్ళీ లోపలికి వెళ్ళింది.